పదకొండు లెక్కపెట్టేలోపు

ఫుల్బేర్ కారుతో చర్చి గోడను గుద్దిన మూడు వారాలకు ఆ ఇంట్లో పంచాయితీ ఒక కొలిక్కి వచ్చింది.

గుద్దడమంటే పెద్ద గుద్దుడేమీ కాదు. ఆదివారం పూజ ముగిసి, జనమంతా మెట్ల మీద నిలబడి ఒకరి బట్టలు ఒకరు చూసుకుంటున్న వేళ, అతను కారు వెనక్కి తీస్తూ తాతలనాటి రాతిగోడకు కాస్త ఆనించాడు. గోడలోంచి ఒక రాయి ఊడిపడింది. ఆ చప్పుడుకి సాంలూయీ ఊరు ఊరంతా తల తిప్పింది. ఇరవై నాలుగేళ్ళు సిలావోస్ కొండదారిలో బస్సు నడిపిన మనిషి, ఆ నాలుగు వందల మలుపుల్లో ఒక్క కోడిపిల్లను కూడా తొక్కని మనిషి, కదలకుండా ఉన్నచోటే ఉన్న గోడను చూసుకోలేకపోయాడు. మరుసటి ఆదివారం గోడ మరమ్మతుకు చందాలు అడుగుతూ ఫాదర్‌గారు ఫుల్బేర్ వైపు చూడకుండా ఉండడానికి ఎంత తంటాలు పడ్డారంటే, మిగతా అందరూ అతని వైపే చూశారు.

"గోడ అడ్డమొచ్చిందా ఏమయ్యా?" అని అతని భార్య ఈవ్‌రోజ్ అడిగింది. రోజూ అడిగింది. కాఫీ ఇస్తూ అడిగింది, దీపం ఆర్పుతూ అడిగింది.

"ఆ గోడ ఇదివరకు అక్కడ లేదు" అనేవాడు ఫుల్బేర్.

"అవునులే. పాపం, ఇంటికెళ్ళడానికి బస్సు కోసం నిలబడిందేమో."

చివరికి ఆమె నడుం మీద చేతులు పెట్టుకుని షరతు చెప్పింది. "ఈ ఆదివారం అందరం సిలావోస్ పోదాం. జలపాతం దాకా నడుద్దాం, కొండమీదే వండుకుని తిందాం. కారు నువ్వే నడుపు, పైకీ నువ్వే, కిందకీ నువ్వే. కారుకి గీత పడకూడదు, కార్లో ఎవరూ కక్కకూడదు. ఆ రెండూ లేకుండా ఇంటికి తీసుకొచ్చావా, కారు తాళం నీదే, చచ్చేదాకా అడగను. ఏ ఒక్కటి జరిగినా తాళం నాది."

"అంతేనా? నిద్రపోతూ నడుపుతా."

"నా భయమూ అదే."

ఈవ్‌రోజ్‌కి నడపడం రాక కాదు. తొమ్మిదేళ్ళుగా బడిపిల్లల భోజనాల వ్యాను ఊరంతా తిప్పుతోంది. కానీ ఇంటి కారులో ఆమెను ఆ సీట్లో కూర్చోనిచ్చింది లేదు. ఉల్లిపాయలు తరిగినట్టు గేర్లు వేస్తుందని అతని అభియోగం.

అసలు సంగతి వేరే ఉంది. రెండేళ్ళ కిందట బస్సు నుంచి దింపేసినప్పుడు ఫుల్బేర్ ఇంట్లో నడుం నొప్పి అని చెప్పాడు. నడుం నొప్పి ఉన్న మాట నిజమే. కొండదారి డ్రైవర్లకి నడుం నొప్పి లేకపోతే అనుమానించాలి. కానీ డాక్టరు కాగితం మీద రాసింది నడుం గురించి కాదు. ఎడమ కంట్లో శుక్లం, కుడి కంట్లో కూడా మొదలు. ఆపరేషన్ చేస్తే పోతుందన్నాడు డాక్టరు, ఏదో పన్ను పీకుతానన్నంత తేలిగ్గా. కంట్లో కత్తి పెడతారన్న మాట విన్నాక ఫుల్బేర్ ఆ కాగితాన్ని నాలుగు మడతలు పెట్టి పనిముట్ల పెట్టెలో రెంచీల కింద దాచేశాడు. పన్నెండో ఏట బడి మానేసి చెరకు బండెక్కిన మనిషి అతను. అల్లుడి ఇంట్లో గోడ నిండా అద్దాలు కట్టిన చదువు కాగితాలున్నాయి. ఫుల్బేర్‌కి ఉన్నది ఒక్క రోడ్డు. తాళం పోతే ఆ రోడ్డూ పోతుంది. తర్వాత చర్చి మెట్ల మీద నిలబడి జనం బట్టలు చూడడమే మిగులుతుంది.

ఆదివారం తెల్లారకముందే కారు వెనక వరస సీట్లలో కోడికూర గిన్నె, అన్నం గిన్నె, పప్పు గిన్నె బెల్టులు పెట్టుకుని కూర్చున్నాయి. అప్పుడు వచ్చారు కూతురు ఒరేలీ, తొమ్మిదేళ్ళ మనవరాలు కేలియా, వాళ్ళ వెనక అల్లుడు జిమ్మీ.

జిమ్మీని చూడగానే ఫుల్బేర్ మొహం మారింది. జిమ్మీ సముద్రం ఒడ్డున చదునైన నేల మీద పుట్టి పెరిగినవాడు. లిఫ్టు ఎక్కినా కళ్ళు మూసుకుంటాడు. పెళ్ళిలో వాల్ట్జ్ నాట్యంలో రెండు చుట్లు తిరిగి కుర్చీ అడిగినవాడు.

"వీడెందుకు?" అన్నాడు ఫుల్బేర్ భార్య చెవిలో.

"అల్లుడయ్యా. కుటుంబంతో విహారం అంటే అల్లుడు లేకుండానా?" అంది ఈవ్‌రోజ్, చర్చిలో మేరీమాత బొమ్మకున్నంత అమాయకమైన మొహంతో.

"ఇది మోసం."

"షరతులో అల్లుడు రాకూడదని ఎక్కడుంది?"

ఊరి చెరకు తోటలు దాటి, నది పక్కన రోడ్డు సన్నబడి, కొండ మొదలయ్యేసరికి ఎండ వచ్చింది. ఫుల్బేర్ తన పద్ధతిలో నడుపుతున్నాడు. ఏడు సీట్ల కారును పెద్ద బస్సులా తిప్పుతాడు. మలుపు ఎడమకయితే ముందు కుడివైపు లోయ అంచుదాకా వెళ్ళి, లోయలో ఉన్నవాళ్ళని పలకరించి, అప్పుడు తిప్పుతాడు. దానికి తోడు, పాత బస్సును తుక్కు కింద అమ్మేసినప్పుడు దాని హారన్ అడిగి తెచ్చుకుని కారుకి బిగించాడు. మలుపుకి ముందు ఆ హారన్ కొడితే, ఎదురొచ్చే కార్లు బస్సనుకుని గోడకి ఒదిగి ఆగుతాయి. తీరా వచ్చింది నీలంరంగు కారని తెలిసి తిడతాయి. ఆ తిట్లు ఫుల్బేర్‌కి పొద్దుటి కాఫీలాంటివి.

"ఏం అల్లుడూ, కడుపెలా ఉంది?" అన్నాడు మూడో మలుపులో.

"బాగానే ఉంది మావయ్యా" అన్నాడు జిమ్మీ, కిటికీ సందులోంచి గాలి మింగుతూ.

జిమ్మీ పుట్టినరోజు ఎప్పుడో కూడా గుర్తుండని మామ, ఆ రోజు మలుపు మలుపుకీ అతని కడుపు క్షేమం అడిగాడు. గుడ్ల బుట్ట మోస్తున్నట్టు నడిపాడు. ఈవ్‌రోజ్ మాత్రం ఒళ్ళో డబ్బా తెరిచి, నూనె కారుతున్న పచ్చిమిర్చి గారె ఒకటి తీసి వెనక్కి చాపింది.

"తిను బాబూ. ఖాళీ కడుపుతో కొండెక్కకూడదు."

"వాడికి పెట్టకు!" అని అరిచాడు ఫుల్బేర్.

"అల్లుడికి గారె పెట్టొద్దంటాడేంటి ఈయన! జిమ్మీ, ఇంకోటి తీసుకో."

"అమ్మా, ఆయన రంగు చూడు, పచ్చ అరిటాకులా ఉన్నాడు" అంది ఒరేలీ.

"కొండ గాలికి అలాగే ఉంటుందిలే."

ఆ గొడవలో ఉండగానే ఫుల్బేర్ కుడికాలు దానంతటది బ్రేకు నొక్కింది. కారు మెత్తగా రోడ్డు పక్కకి ఒరిగి ఆగింది. ఎందుకాగిందో కారులో ఎవరికీ అర్థం కాలేదు, ఫుల్బేర్‌కి కూడా. అది బస్సు స్టాపు. గొడుగూ సంచీ పట్టుకుని నిలబడ్డ ఒక ముసలావిడ తలుపు తెరుచుకుని, గిన్నెల మధ్యకి పాకి, కూరగిన్నె ఒళ్ళో పెట్టుకుని కూర్చుంది.

"ఏరా ఫుల్బేర్, ఇవాళ ఆలస్యమైంది?"

ఆమె ఫిలోమెన్ మామ్మ. ఇరవై ఏళ్ళు ప్రతి ఆదివారం అక్కడే ఎక్కి, ఎనిమిది కిలోమీటర్ల పైన చెల్లెలి ఇంటి దగ్గర దిగేది.

"మామ్మా, ఇది బస్సు కాదు" అంది ఒరేలీ నెమ్మదిగా.

"బస్సు కాకపోతే స్టాపులో ఎందుకాగాడు?"

ఫిలోమెన్ మామ్మ సంచీలోంచి నెల పాసు తీసి అద్దంలో కనిపించేలా ఎత్తి చూపింది. ఫుల్బేర్ తల ఊపాడు. వేరే ఏం చెయ్యాలో అతనికి తోచలేదు. కారు కదిలింది.

"చిన్న బస్సు వేశారేం? ఆదివారం అనా?" అని, మామ్మ మూత ఎత్తి కూర వాసన చూసింది. "పసుపు ఎక్కువైంది."

ఈవ్‌రోజ్ గారెల డబ్బా టపీమని మూసింది. ఆ ఎనిమిది కిలోమీటర్లూ ఫుల్బేర్ ఎంత ఆనందంగా నడిపాడో చెప్పలేం. మామ్మ దిగుతూ, "పాత బస్సులో ఇంత మెత్తగా లేదురా" అన్నది కూడా. ఫుల్బేర్ పక్క సీట్లో భార్య మొహం ఓరగా చూసి గేరు వేశాడు.

ఆ పైన సొరంగాలు. ఒక్క బండి మాత్రం పట్టే సొరంగాలు మూడు. నోటి దగ్గర హారన్ కొట్టి లోపలికి వెళ్ళాలి. ఎదురు హారన్ వినపడితే ఆగాలి. బస్సు ఎదురైతే మాత్రం ఎవరైనా వెనక్కి వెళ్ళాల్సిందే.

ఎండలోంచి సొరంగంలోకి దూరగానే ఫుల్బేర్ కళ్ళ ముందు ఎవరో ఉన్ని కంబళి కప్పినట్టయింది. దీపాలు వేసినా అంతే. కంబళిలోంచి రెండు పసుపు మచ్చలు కనిపిస్తాయి, వాటి మధ్య ఏముందో కనపడదు. అతనికి అదేమీ కొత్త కాదు. చివరి రెండేళ్ళు బస్సు అలాగే నడిపాడు. పైకి వినపడకుండా లెక్కపెట్టాడు. మొదటి సొరంగానికి తొమ్మిది. రెండోది పదకొండు, ఆరు దగ్గర కొంచెం ఎడమకి. మూడోది ఏడు. లెక్క అయ్యేసరికి వెలుతురొచ్చింది. గోడలు ఎక్కడ ఉండాలో అక్కడే ఉన్నాయి. ఏ గీతా పడలేదు.

సిలావోస్‌లో కారు ఆపి, తాళం తీసి, వేలికి తగిలించుకుని గిరగిరా తిప్పాడు. జిమ్మీ దిగి, నేలను చేత్తో ముట్టుకుని చూశాడు. కక్కలేదు. నాలుగు గారెలు తిని కూడా కక్కలేదు.

"అల్లుడంటే నువ్వురా" అని ఫుల్బేర్ అతని వీపు తట్టాడు. పెళ్ళయిన పదేళ్ళలో అదే మొదటిసారి.

"తట్టకండి మావయ్యా, ప్లీజ్."

జలపాతానికి దారి కిందకి దిగుతుంది. ముందు ఫుల్బేర్, అతని చెయ్యి పట్టుకుని కేలియా. చాలా వెనక జిమ్మీని నడిపిస్తూ ఒరేలీ. అందరికన్నా వెనక ఈవ్‌రోజ్, దారి పక్క పందిళ్ళ మీద పాకిన షూషూ అనే కూరగాయ తీగల కాయలను, యజమాని ఎవరో పట్టించుకోకుండా, సైజు అంచనా వేసుకుంటూ. కొండల మీద మేఘం ఇంకా దిగలేదు. చెట్ల కింద ఎండ ముక్కలు ముక్కలుగా పడుతోంది. ఆ ముక్కలే ఫుల్బేర్‌కి చిక్కు. ఏది మెట్టో, ఏది నీడో తేల్చుకోలేక, చేత్తో కొమ్మలు పట్టుకుని దిగుతున్నాడు.

"తాతయ్యా, ఇక్కడ లెక్కపెట్టవా?" అంది కేలియా.

"ఏం లెక్క?"

"సొరంగంలో పెడతావుగా. నీ పెదాలు అద్దంలో కనిపిస్తాయి నాకు. నేనూ పెట్టా. రెండో దాంట్లో పదకొండు."

"ఊరికే. కాలక్షేపానికి."

"ఆ సైకిలాయన కూడా లెక్కపెడుతున్నాడేమో. కళ్ళు మూసుకున్నాడు."

ఫుల్బేర్ ఆగాడు. "ఏ సైకిలాయన?"

"సొరంగంలో ఉన్నాడుగా. నువ్వు ఎనిమిది దగ్గరున్నప్పుడు. నీ హారన్‌కి బస్సనుకున్నాడు, పాపం. సైకిలు గోడకేసి, దాని మీద బల్లిలా అతుక్కుపోయాడు. నేను చెయ్యూపా. ఆయన ఊపలేదు. పొగరనుకుంటా."

ఎనిమిది దగ్గర ఫుల్బేర్ చూసింది పసుపు మచ్చలు, ఉన్ని కంబళి. ఇంకేం చూడలేదు.

"నీకు కనపడలేదా తాతయ్యా?"

"ఎందుకు కనపడలేదు! కనపడ్డాడు. నల్ల టోపీ."

"టోపీ లేదు. చేతిలో పట్టుకున్నాడు. తెల్లది."

"ఆ... అదే. చేతిలో."

కేలియా అతని వైపు ఒక్క క్షణం చూసింది. టీచరు దగ్గర చదవని పాఠం అప్పజెప్పే పిల్లలను బళ్ళో రోజూ చూస్తుంది. ఆ చూపే అది. తర్వాత దానికి సీతాకోకచిలుక కనిపించి చెయ్యి వదిలించుకుని పరిగెత్తింది.

జలపాతం పైన రాళ్ళ మీద అందరూ చెప్పులు విప్పి నీళ్ళలో కాళ్ళు పెట్టుకున్నారు. జిమ్మీకి రంగు తిరిగొచ్చింది. ఈవ్‌రోజ్ లంగా మోకాళ్ళదాకా ఎత్తి నీళ్ళలో నిలబడి, "ఏమయ్యా, రావా? గోడలేం లేవులే ఇక్కడ" అని పిలిచింది. ఫుల్బేర్ రాయి మీంచి లేవలేదు. ఎనిమిది దగ్గర గోడకీ కారుకీ మధ్య ఎంత జాగా ఉంటుందో అతనికి తెలుసు. ఇరవై నాలుగేళ్ళు చూసిన జాగా. రెండు జానలు. ఒక మనిషి ఊపిరి బిగబట్టుకుంటే పడతాడు. ఊపిరి వదిలితే పట్టడు.

పైకి ఎక్కివచ్చి, దేవదారు చెట్ల కింద పొయ్యి రాజేసి, గిన్నెలు వేడిచేసి, అరిటాకుల్లో వడ్డించుకున్నారు. అన్నం, సిలావోస్ పప్పు, కోడికూర, నాలుక మండే టమాటా రుగాయ్ పచ్చడి. ఈవ్‌రోజ్ కూర రుచి చూసి, అందరూ వినేలా "పసుపు సరిపోయింది" అంది. జిమ్మీ రమ్ము గ్లాసు ఎత్తాడు.

"ఒప్పుకోవాలి అత్తయ్యా. మావయ్య గెలిచారు. నేనే బతికున్నానంటే ఇంకేం కావాలి?"

"ఇంకా దిగడం ఉంది" అంది ఈవ్‌రోజ్. తర్వాత కోడికాలు తీసి భర్త ఆకులో వేసింది. "సరేలే, ఉన్నమాట చెప్పాలిగా. బాగా నడిపావు. చర్చి దగ్గర ఆ రోజు ఏ దిష్టి తగిలిందో. ఆ హారన్ తప్ప నీకు వంక పెట్టలేను."

పెళ్ళయిన ముప్పై మూడేళ్ళలో ఆమె నోటినుంచి ఇలాంటి మాట వచ్చింది బహుశా రెండోసారి. ఇంకో రోజయితే ఫుల్బేర్ దాన్ని నెల్లాళ్ళు చప్పరించేవాడు. ఇప్పుడు కోడికాలి వైపు చూస్తూ కూర్చున్నాడు. ఎదురుగా కేలియా వేళ్ళు నాకుతోంది. అది సైకిలాయన గురించి ఎవరికీ చెప్పలేదు. చెప్పేంత విషయమని దానికి తెలియదు. నోరు మూసుకుంటే చాలు, దిగేటప్పుడూ అవే మూడు సొరంగాలు, అవే లెక్కలు. సాయంత్రానికి తాళం అతనిదే, చచ్చేదాకా. ఎవరు చచ్చేదాకా అన్నది ఈవ్‌రోజ్ చెప్పలేదు.

"తినవేం?" అంది ఆమె.

"ఆకలి లేదు."

"ఈయనకి ఆకలి లేదట! ఒరేలీ, నుదురు ముట్టుకుని చూడవే."

మూడు గంటలకి మేఘం కొండ మీంచి దిగడం మొదలుపెట్టింది. గిన్నెలు కడిగి, సర్ది, అందరూ కారు దగ్గరికి వచ్చారు. ఫుల్బేర్ డ్రైవరు తలుపు దాకా వెళ్ళాడు. తాళం వేలికి ఉంది. పక్క తలుపు దగ్గర ఈవ్‌రోజ్ నిలబడి ఉంది. అతను కారు చుట్టూ తిరిగి వెళ్ళి, తాళం ఆమె చేతిలో పెట్టాడు.

"ఇదేంటి?"

"నువ్వు నడుపు."

"ఎందుకు? గెలిచావుగా."

"నడుం నొప్పి."

"పొద్దున లేదే?"

"ఇప్పుడొచ్చింది."

ఈవ్‌రోజ్ కళ్ళు చిన్నవి చేసింది. "ఓహో. అర్థమైంది. నేను నడుపుతుంటే జిమ్మీ కక్కుతాడు, దాంతో నేను ఓడిపోయినట్టు లెక్క. అదేగా నీ ఎత్తు? ఇరవై నాలుగేళ్ళు కొండెక్కినవాడివి, ఎంతైనా బుర్ర బాగా..."

"కళ్ళు" అన్నాడు ఫుల్బేర్.

"ఆఁ?"

"కళ్ళే. ఎడమదానికి శుక్లం. కుడిదానికీ వస్తోంది. నన్ను బస్సు నుంచి దింపేసింది అందుకే. సొరంగంలోకి వెళ్తే నాకు ఏం కనపడదు. లెక్కపెట్టుకుంటూ నడుపుతా. పొద్దున రెండో సొరంగంలో ఒక మనిషి ఉన్నాడు. సైకిలుతో. నేను చూడలేదు. చిన్నది చూసింది."

జిమ్మీ నెమ్మదిగా కారుకి ఆనుకున్నాడు. ఒరేలీ కేలియా భుజం పట్టుకుని దగ్గరికి లాక్కుంది, కేలియా మాత్రం, "నేను చెప్పానా తాతయ్యా, టోపీ తెల్లదని!" అంది.

ఈవ్‌రోజ్ చేతిలో తడి తువ్వాలు ఉంది. ముందు దాంతో ఒకటి కొట్టింది, భుజం మీద. తర్వాత ఇంకోటి.

"పిల్లని ఎక్కించుకుని! గుడ్డివాడివి, పసిబిడ్డని ఎక్కించుకుని! రెండేళ్ళుగా నడుం అని, నడుం అని నా చేత నూనె రాయించుకున్నావు కదయ్యా! ఎన్ని సీసాలు! ఎన్ని సీసాలు రాశాను!"

"నడుమూ నొప్పే" అన్నాడు ఫుల్బేర్ తువ్వాలు దెబ్బల మధ్య.

"నోరుముయ్!"

ఆమె వెళ్ళి డ్రైవరు సీట్లో కూర్చుంది. సీటు ముందుకి జరిపింది, అద్దం తిప్పింది, ఇంకోసారి తిప్పింది. కొంగు ఉన్నవాళ్ళయితే కొంగుతో ముక్కు తుడుచుకుంటారు; ఆమె అదే తడి తువ్వాలుతో మొహం గట్టిగా తుడుచుకుంది. ఫుల్బేర్ పక్క సీట్లో ఒదిగి కూర్చుని బెల్టు పెట్టుకున్నాడు. ఆ బెల్టు ఎటువైపు నుంచి వస్తుందో అతనికి తెలియలేదు. జిమ్మీ వెనకనుంచి తీసి అందించాడు.

గేరు పడ్డప్పుడు కారు కెవ్వుమంది.

"ఉల్లిపాయలు" అన్నాడు ఫుల్బేర్, గొంతులోనే.

"ఏమన్నావ్?"

"ఏం లేదు."

ఈవ్‌రోజ్ ఇరవై కిలోమీటర్ల వేగం దాటలేదు. నాలుగో మలుపుకే వెనక కార్లు బారుకట్టాయి. ఫుల్బేర్ సిగ్గుతో సీట్లోకి కుంగిపోయాడు. ఈ రోడ్డు మీద అతని వెనక ఎవరైనా ఆగారంటే అది గౌరవం కొద్దీ ఆగినట్టు ఉండేది. ఇప్పుడు హారన్లు కొడుతున్నారు.

"వచ్చేది కుడి. తర్వాత ఎడమ, అవతల ఏముందో కనపడదు. రెండో గేరులో పెట్టు."

"పెట్టాను."

"అది మూడోది."

"నా మూడోది నా ఇష్టం."

సొరంగం నోటి దగ్గర ఆమె పూర్తిగా ఆపేసింది. హారన్ కొట్టింది. అద్దం దించి విన్నది. మళ్ళీ కొట్టింది, మళ్ళీ విన్నది. వెనక ఎవడో ఏదో అరిచాడు. ఈవ్‌రోజ్ తల బయటపెట్టి, "నీకు పెళ్ళాం బిడ్డలు లేరట్రా?" అని అరిచి, తల లోపలికి పెట్టుకుని, దీపాలు వేసి దూరింది. చీకటి కమ్మగానే, తనవైపు లేని బ్రేకు కోసం ఫుల్బేర్ కాళ్ళు రెండూ నేలను వెతికాయి.

"ఎవరైనా ఉన్నారా?" అన్నాడు.

"ఎవరూ లేరు."

"గోడ పక్కన చూడు."

"చూస్తున్నానయ్యా. లేరు."

వెలుతురొచ్చాక అతను ఊపిరి వదిలాడు. వెనక ఒరేలీ, జిమ్మీ కూడా వదిలారు. జిమ్మీ ఈసారి కడుపు సంగతి మరిచిపోయినట్టున్నాడు.

"రేపు పొద్దున్నే డాక్టరు దగ్గరికి" అంది ఈవ్‌రోజ్. "కత్తి అంటావా, కొడవలి అంటావా, పెట్టించుకుంటావు. నేను పక్కనే నిలబడతా."

"నువ్వు నిలబడితే డాక్టరు చెయ్యి వణుకుతుంది."

"వణకనీ."

"అయిపోయాక తాళం?"

"అప్పుడు చూద్దాం. ముందు ఎదురుగా ఉన్నది గోడో కాదో కనిపెట్టడం నేర్చుకో."

మలుపు తిరిగింది. ఫుల్బేర్ చేతులకు పని లేదు. అలవాటుగా రోడ్డు మీద పెట్టిన చూపు అలిసిపోయి పక్కకి జారింది. కిటికీలోంచి లోయ. లోయ అవతల, నిటారు కొండ నడిమధ్య చిన్న చదును. దాని మీద గులాబీరంగు మచ్చ, మచ్చ పక్కన తెల్లగా ఏదో ఊగుతోంది. కుడికన్ను చిట్లించి చూశాడు. ఇల్లు. తాడు మీద దుప్పట్లు.

"అక్కడ ఇల్లు కట్టారా?" అన్నాడు.

"ఏది?" అంది ఒరేలీ ముందుకి వంగి. "అదా? అది ఎప్పటినుంచో ఉంది నాన్నా. నా చిన్నప్పుడు బస్సులో వచ్చినప్పుడల్లా చూసేదాన్ని. ముందు నీలం ఉండేది."

"లేదు."

"ఉంది నాన్నా."

"ఈ రోడ్డు మీద నాకు తెలియని ఇల్లుందా?"

"రోడ్డు మీద లేదుగా. అవతల ఉంది."

ఫుల్బేర్ సీట్లో తిరిగి కూర్చుని, మెడ లాగేదాకా దాన్నే చూశాడు. అక్కడిదాకా దారి ఎలా ఉంటుందో, గులాబీరంగు పెయింటు డబ్బాలు ఎవరు మోసుకెళ్ళారో. కొండ అడ్డమొచ్చి ఇల్లు కనపడకుండా పోయింది.

"ఆపనా? చూస్తావా?" అంది ఈవ్‌రోజ్.

"వద్దు. వెనక బండ్లున్నాయి." కిటికీకి ఇంకాస్త ఒరిగి, "మళ్ళీ కనిపిస్తుందా అది? కింద మలుపులో?" అన్నాడు.

"నన్నడుగుతావేం? రోడ్డంతా నీకు కంఠతా వచ్చుగా."

ఫుల్బేర్ అద్దం పూర్తిగా దించి, తల బయటపెట్టాడు.

"తల లోపల పెట్టు. కొమ్మ తగిలితే ఆ ఉన్న కన్నూ పోతుంది" అంది ఈవ్‌రోజ్, మూడో గేరు అనుకుని ఇంకేదో వేస్తూ.